ఆడపిల్ల పేరు – ఆఖరి అక్షరం

తెలుగు ఎం.ఏ. చదివినవాడికి రెండు చాకిరీలు తప్పవు. ఒకటి ఇరుగుపొరుగువారి శుభలేఖల్లో తప్పులు దిద్దడం. రెండోది పసిపిల్లలకు పేర్లు వెతికిపెట్టడం. మొదటిదానికి ఒక కప్పు కాఫీ అయినా దక్కుతుంది. రెండోదానికి అదీ అనుమానమే. పైగా పేరు ఎవరికైనా నచ్చకపోతే ఆ నింద మనకే. పంజాగుట్టలో కాపురం ఉంటూ, అమీర్‌పేట మీదుగా రోజూ కాలేజీకి పోయివస్తూ, పదిహేనేళ్లుగా ఈ రెండు ఉద్యోగాలూ జీతం లేకుండా వెలగబెడుతున్నాను.

ఇదివరకు వచ్చేవాళ్లు మొదటి అక్షరం పట్టుకు వచ్చేవారు. నక్షత్రాలు 27, ఒక్కొక్కదానికి పాదాలు 4, పాదానికొక అక్షరం. అశ్వినికి చూ, చే, చో, లా. రోహిణికి ఓ, వా, వీ, వూ. ఇంతవరకూ బాగానే ఉంటుంది. ఆర్ద్ర దగ్గరకు వచ్చేసరికి కూ, ఘ, ఙ, ఛ అంటుంది పంచాంగం. ఆర్ద్ర మూడో పాదంలో పుట్టిన పిల్లకు 'ఙ'తో మొదలయ్యే పేరు చెప్పమంటే నన్నయభట్టు దిగివచ్చినా చేయగలిగింది లేదు. అటువంటప్పుడు పురోహితులే ఏదో ఒక సర్దుబాటు చెబుతారు, మన ప్రాణం కుదుటపడుతుంది.

ఇప్పుడు కాలం మారింది. వచ్చేవాళ్లు ఆఖరి అక్షరం తెస్తున్నారు. "చివర 'ఇక' రావాలి సార్." "'శ్రీ'తో ముగియాలండీ." "అక్క పేరు చివర 'న్య' ఉంది, చెల్లెలి పేరు చివరా అదే ఉంటే జోడీగా ఉంటుంది." మొదట్లో నాకు నవ్వు వచ్చేది. పేరును తోకపట్టి ఈడ్చుకురావడం ఏమిటి అనుకునేవాణ్ణి. కాని ఈ మధ్య అమీర్‌పేటలో ఒక ఇంట్లో జరిగిన వాదం విన్నాక, పేరులో బరువంతా తోకలోనే ఉందేమో అనిపిస్తున్నది. ఆ సంగతికి వస్తాను. ముందు ఆ తోక ఎంత పని చేస్తుందో చూడండి.

మా అమీర్‌పేటనే తీసుకోండి. తెలుగువాళ్లం 'పేట' అంటాం. కంప్యూటరు కోర్సుల కోసం ఉత్తరాది నుంచి వచ్చి మైత్రీవనం చుట్టుపక్కల హాస్టళ్లలో దిగిన కుర్రాళ్లు 'అమీర్‌పేట్' అంటారు. హిందీలో పేట్ అంటే పొట్ట. చివరి అచ్చు ఒక్కటి జారిపోయేసరికి అమీరుగారి పేట కాస్తా అమీరుగారి పొట్ట అయి కూర్చుంది! ఊరు కనక ఊరుకుంది. ఆడపిల్ల పేరుకు ఇదే గతి పడితే ఊరుకోవడం కష్టం. కమల అని మనం రాసుకున్న పేరును అక్షరానికి అక్షరం నాగరిలోకి దింపితే హిందీవాళ్లు 'కమల్' అని చదువుతారు. నిర్మల నిర్మల్ అవుతుంది, విమల విమల్ అవుతుంది. ముగ్గురు ఆడపిల్లలూ ఒక్క దెబ్బతో మగపిల్లలైపోతారు. వాళ్ల భాషలో చివరి పొట్టి అకారం పలకదు. ఆడపేరు కావాలంటే దీర్ఘం ఉండాలి. పరీక్ష రాయడానికి ఉత్తరాదికి పోయిన నా విద్యార్థిని ఒకతెకు మగపిల్లల వరసలో బల్ల వేశారట. ఆ పిల్ల తిరిగివచ్చి, "మన తెలుగులో దీర్ఘం ఎందుకు మింగేశారు సార్?" అని నన్ను నిలదీసింది, మింగినవాణ్ణి నేనే అయినట్టు.

ఇంగ్లీషుది ఇంకో తమాషా. ఆ భాషలో 'ఎ' ఒక్కటే అక్షరం, పొట్టికీ అదే, పొడుగుకీ అదే. ఆర్, ఎ, ఎం, ఎ అని రాస్తే అది రాముడో రమాదేవో తెలిసేది ఫోటో చూశాకనే. ఇక సంఖ్యాశాస్త్రం పేరిట చివర మరో 'ఎ' తగిలించడం, 'హెచ్' ఇరికించడం గురించి చెప్పనక్కరలేదు. పలుకులో లేని అక్షరం కాగితం మీద మాత్రం జీవితాంతం మొయ్యాలి.

ఆ పిల్ల అడిగిన దీర్ఘం ప్రశ్న సామాన్యమైనది కాదు. ఆడపిల్ల పేరు ఎలా ముగియాలో మన పాతవాళ్లు తీరుబడిగా ఆలోచించారు. పారస్కర గృహ్యసూత్రం ఆడపిల్ల పేరులో అక్షరాలు బేసిసంఖ్యలో ఉండాలనీ, చివర ఆకారం ఉండాలనీ విధించింది. మనువు రెండో అధ్యాయంలో పేరు సుఖంగా పలకాలి, పరుషంగా ఉండరాదు, అర్థం తేటగా ఉండాలి, మంగళకరమై, దీవెనలా వినిపించాలి, దీర్ఘంతో ముగియాలి అన్నాడు. వినడానికి ఇంపుగానే ఉంది. అయితే అదే మనువు మూడో అధ్యాయంలో నక్షత్రాల పేర్లు, చెట్ల పేర్లు, నదుల పేర్లు, కొండల పేర్లు ఉన్న పిల్లను పెళ్లాడవద్దని కూడా చెప్పాడు. ఆ లెక్కన మన రోహిణులు, తులసులు, గంగలు, యమునలు పుట్టింట్లోనే ఉండిపోవాలి. బేసి అక్షరాల నియమమే పట్టుకుంటే సీతకూ రాధకూ రమకూ కూడా పేర్లు మార్చాలి. మన ముత్తవ్వలు ఈ నియమాలు విన్నట్టూ లేరు, విన్నా లక్ష్యపెట్టినట్టూ లేరు.

సంస్కృతంలో సీతా, రమా, గౌరీ, లక్ష్మీ అని దీర్ఘంతో ముగిసే పేర్లన్నీ తెలుగులోకి వస్తూనే కుదించుకుపోయాయి. సీత, రమ, గౌరి, లక్ష్మి. ఇది మన నోటి బద్ధకం కాదు. తత్సమ పదాలు చేసేటప్పుడు చివరి దీర్ఘానికి హ్రస్వం రావాలని చిన్నయసూరి బాలవ్యాకరణంలో నియమమే ఉంది. మరి దీర్ఘం పోయినట్టేనా? పోలేదు. పెరట్లో ఉన్న పిల్లను వంటింట్లోంచి పిలిచి చూడండి. "సీతా!" "గౌరీ!" "లక్ష్మీ!" పిలుపులో చివరి అచ్చు సాగడం తెలుగు ధర్మం. రాతలో పోగొట్టుకున్న దీర్ఘాన్ని పిల్ల రోజుకు పదిసార్లు చెవితో వింటూనే ఉంటుంది.

చివరి అక్షరానికి అర్థం కూడా ఉంటుంది. అర్థం చూసుకోకుండా శబ్దం చూసి తగిలిస్తున్నారనే నా విచారం. 'జ' అంటే పుట్టినది. జలజ, వారిజ, నీరజ, అంబుజ, సరోజ, చివరకు వనజ కూడా (వనమంటే నీరనే అర్థం ఒకటుంది), అందరూ నీళ్లలో పుట్టినవాళ్లే. ఒకే ఇంట్లో ముగ్గురు అక్కచెల్లెళ్లకు ఈ పేర్లు పెట్టి, మూడు రకాల పేర్లు పెట్టామని మురిసిపోయినవాళ్లను నేనెరుగుదును. పెట్టింది ఒకటే పేరు, తామరపువ్వు! 'ద' అంటే ఇచ్చేది. వరద, యశోద, నర్మద. 'ఆని' సంగతి విచిత్రం. భవాని, ఇంద్రాణి, శర్వాణి, రుద్రాణి: భవుడి భార్య, ఇంద్రుడి భార్య, శర్వుడి భార్య, రుద్రుడి భార్య. ఈ ప్రత్యయం ఏయే పేర్లకు చేరుతుందో పాణిని జాబితా ఇచ్చాడు. ఉయ్యాలలో పడుకున్న పిల్లకు పన్నెండో రోజుకే మొగుణ్ణి చూసేశారన్నమాట.

ఇహ ఈనాటి ముద్దుల ముగింపు 'ఇక'. బాలకుడికి బాలిక, నాయకుడికి నాయిక. 'క'కు ముందున్న అకారం స్త్రీలింగంలో ఇకారం అవుతుంది. దానికీ పాణిని సూత్రముంది. ఈ 'క'కు చిన్నదనం, ముద్దు అనే అర్థాలున్నాయి. లతిక అంటే చిన్నారి తీగ. బాగుంది. కాని ఇప్పుడు ఏ శబ్దం దొరికితే దానికి 'ఇక' అతికిస్తున్నారు. కృతికీ కృత్తికకూ తేడా లేదనుకునేవాళ్లున్నారు; కృత్తిక ఆకాశంలో చుక్కల గుంపు, కృతి మనం రాసేదీ పాడేదీను. ఇంకా కొన్ని పేర్లున్నాయి. శబ్దరత్నాకరం ఈ అట్టనుంచి ఆ అట్టదాకా తిరగేసినా కనబడవు. ఆ పేర్లు ఇక్కడ చెప్పను. ఆ పేర్లుగల పిల్లలు నా క్లాసులోనే ముందు బల్ల మీద కూర్చుంటారు, మంచి మార్కులు కూడా తెచ్చుకుంటారు.

ఇదంతా సంస్కృతం ఇంటి గొడవ. తెలుగు ఇంట్లో ఆడపేరుకు సొంత ముగింపు ఏది? మగవాడికి 'డు' ఉంది. రాముడు, కృష్ణుడు. ఆడదానికి అటువంటి గుర్తు వ్యాకరణం ఇవ్వలేదు. సీత వచ్చింది, మేక వచ్చింది. క్రియ ఒక్కటే! పదిమంది ఆడవాళ్లు కలిస్తే మాత్రం 'వచ్చారు' అంటాం. అంటే ఒక్కతే ఉంటే మేకతో జత, గుంపుగా ఉంటే మనుషుల్లో జమ. వ్యాకరణం ఎగవేసిన ఆ బాకీని జనం తీర్చారు. 'అమ్మ' అన్న మాటను తెచ్చి పేరు చివర పెట్టారు. రామయ్యకు రామమ్మ, వెంకయ్యకు వెంకమ్మ, సుబ్బయ్యకు సుబ్బమ్మ. ముందు భాగం దేవుడిది, వెనక భాగం మనిషిది. ఆడా మగా తేడా తెలిసేదీ, మర్యాద ఇమిడి ఉండేదీ ఆ వెనక భాగంలోనే.

ఇది నిన్నమొన్నటిది కాదు. కాకతీయుల ఇంటి ఆడవాళ్ల పేర్లు చూడండి: ముప్పమ, మైలమ, రుద్రమ. ఆ చివరి 'మ' అమ్మ తాలూకుదే. శాసనాల్లో కొంచెం ఠీవి కావలసివస్తే అదే మైలాంబ, ముప్పమాంబ అవుతుంది. అమ్మకు సంస్కృతం పట్టుచీర కడితే అంబ. తరిగొండ వెంగమాంబదీ అదే తీరు. రుద్రమదేవి కథ మరీ చోద్యం. గణపతిదేవుడి తరవాత 13వ శతాబ్దంలో ఓరుగల్లు సింహాసనం ఎక్కిన ఆమె పేరును అనేక శాసనాలు 'రుద్రదేవ మహారాజు' అని చెక్కాయి. రాజ్యం చెయ్యాలంటే పేరు చివరనున్న అమ్మను దించి మహారాజును ఎక్కించవలసి వచ్చిందన్నమాట. ఇప్పుడు జనం నాలుక మీద నిలిచింది మాత్రం రుద్రమే.

ఇక ఆ ఇంటి సంగతి. అమీర్‌పేటలో, బల్కంపేట వైపు పోయే దారిలో ఒక అపార్ట్‌మెంటు. ఆ ఇంటాయన సాఫ్ట్‌వేరు ఉద్యోగి, ఒకప్పుడు నా విద్యార్థి. భార్యదీ అదే ఉద్యోగం. పెద్దపాప పేరు 'ఇక'తో ముగుస్తుంది. రెండోసారీ ఆడపిల్లే పుట్టింది. "చివర 'ఇక' వచ్చేట్టు నాలుగు పేర్లు రాసివ్వండి సార్" అంటే కాగితం పట్టుకుని ఒక సాయంత్రం వెళ్లాను. నేను చదువుతుంటే అతని తల్లి మూల కుర్చీలో కూర్చుని విన్నది. నల్లగొండ జిల్లా మనిషి, డెబ్బై దాటి ఉంటాయి. నాలుగు పేర్లూ అయ్యాక, "మంచిగున్నయి సారూ. గని ఒక్కదాంట్ల కూడ అమ్మ లేదు" అన్నది.

"అత్తమ్మా, ఇప్పుడు అట్ల ఎవరు పెడుతున్నరు? బడిలో పిల్లలు ఏడిపిస్తరు" అన్నది కోడలు. మాట మెత్తగానే అన్నది. (అత్తమ్మ అన్న పిలుపు చివర ఉన్నదేమిటో ఆ క్షణంలో ఆమెకు తట్టినట్టు లేదు.) కోడలి పక్షాన న్యాయం లేదనలేను. నా హాజరుపట్టీలో అమ్మతో ముగిసే పేరు చూసి ఎన్నేళ్లయిందో. అమ్మ పోయి లక్ష్మి వచ్చింది, లక్ష్మి పోయి లత వచ్చింది, లత పోయి శ్రీ వచ్చింది. పాతపేరు పెట్టుకున్న పిల్ల క్లాసులో తలవంచుకుని 'ప్రెజెంట్ సార్' అనడం నేను చూడకపోలేదు. పేరు మోసేది పిల్లగాని పెట్టినవాళ్లు కాదు గదా.

పెద్దావిడ అప్పుడు చెప్పిన మాటలు నాకు చేతనైనంతవరకు ఆమె మాటల్లోనే రాస్తాను. "మా అవ్వకు నిండు పేరుండె సారూ. ఇంట్ల, వాడకట్టుల అందరు నిండుగ పిలిచేటోళ్లు. దొర గడిల మాత్రం సగం కోసి పిలిచేటోళ్లు. చిన్నపోరడు గూడ సగమే పిలుస్తుండె. నేను అవ్వ కొంగు పట్టుకొని నిలబడి విన్న. గా సగం పేరు వినుకుంటనే అవ్వ సచ్చిపోయింది. మాకు అమ్మ ఊరికె రాలే."

తెలిసినవారికి వివరించనక్కరలేదు, ఈ తరం పిల్లల కోసం చెబుతాను. తెలంగాణ పల్లెల్లో కూలి, వెట్టి చేసే కులాల ఆడవాళ్లను పెద్దిళ్లవాళ్లు అమ్మ చేర్చి పిలిచేవారు కారు. ఎల్లమ్మ ఎల్లి, పోచమ్మ పోచి, లచ్చమ్మ లచ్చి, మల్లమ్మ మల్లి. మగవాళ్లకైతే అయ్య పోయి 'గాడు' వచ్చేది. వ్యాకరణం దృష్టిలో ఒక ప్రత్యయం లోపించి ఇకారం వచ్చింది, అంతే. ఆ ఇకారంలో కులం ఉంది, కూలి ఉంది, ఎదుటివాడి వయసుతో నిమిత్తం లేని అధికారం ఉంది. ఆ ఇంటికి నాలుగడుగుల్లో బల్కంపేట ఎల్లమ్మ గుడి. నేలమట్టానికి దిగువన ఉన్న ఆ తల్లిని చూడటానికి ఏటా ఆషాఢంలో కల్యాణం నాడు జనం వరసలు కట్టి నిలబడతారు. అమ్మవారిని ఎల్లమ్మా అని మొక్కిన నోరే, ఆ తల్లి పేరు పెట్టుకున్న మనిషిని ఎల్లీ అని కేకవేసింది. 1940లలో విసునూరు దేశ్‌ముఖ్‌ను ఎదిరించి తన పంట తాను దక్కించుకున్న పాలకుర్తి చాకలి ఐలమ్మ పేరును 2024లో కోఠీలోని మహిళా విశ్వవిద్యాలయానికి పెట్టారు. ఆ పేరును చాలామంది పేపర్లో చదివి పక్కన పెట్టి ఉంటారు. ఈ పెద్దావిడ వంటివాళ్లు ఆ చివరి రెండక్షరాలూ విడిగా చదివి ఉంటారని నా నమ్మకం.

ఆ సాయంత్రం ఎవరూ ఏమీ తేల్చలేదు. ఇరవై ఒకటో నాడు తొట్టెల వేడుక చేశారు. నేనూ మా ఆవిడా వెళ్లాం. పళ్లెంలో బియ్యం పోసి, ఉంగరంతో తండ్రి చేత పేర్లు రాయించారు. నక్షత్రం పేరొకటి, 'ఇక'తో ముగిసే పిలుపు పేరొకటి. మూడోది, తల్లి మనసు కష్టపెట్టడం ఇష్టంలేక, ముత్తవ్వ పేరు అమ్మతో సహా నిండుగా రాశాడు. మంచి ఉపాయమే అనుకున్నాను. అందరూ సంతోషించారు, ఒక్కరు తప్ప. "బియ్యంల రాసింది పొద్దుగూకేదాక ఉంటదా బిడ్డా?" అన్నది పెద్దావిడ. "రేపు గవే బియ్యం వండుకుంటం. కాయితం మీద రాయి."

ఆవిడ బడికి పోలేదు గాని, కాగితం విలువ మనకంటే బాగా తెలిసిన మనిషి. 1969 నాటి జనన మరణాల రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం పుట్టిన 21 రోజుల్లోగా కబురు చేయాలి. పేరు అప్పటికి తేలకపోతే ఆ గడి ఖాళీగా ఉంచవచ్చు. 12 నెలల్లోపు అయితే రుసుము లేకుండానే పేరు చేర్పించుకోవచ్చు, ఆ తరవాత రుసుము కట్టాలి. ఆ చట్టానికి వచ్చిన సవరణతో 2023 అక్టోబరు 1న, ఆ తరవాత పుట్టిన పిల్లలకు బడిలో చేరడానికీ పాస్‌పోర్టుకూ పుట్టినతేదీ రుజువు ఈ పత్రమే. ఒకప్పుడు బడిపంతులుగారు పేరు కాస్త సంస్కరించి రాసేసేవారు. ఎన్ని సుబ్బమ్మలు ఆ కలం కింద సుబ్బలక్ష్మి అయ్యారో లెక్కలేదు. ఇప్పుడు ఆ అవకాశం తక్కువ. గడిలో ఏది పడితే పిల్ల అదే.

మూణ్ణెల్లు గడిచాయి. ఆ ఇంట్లో ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. ఒక శనివారం నాడు మా విద్యార్థి ఫోన్ చేసి, మీ సేవకు వెళుతున్నాం, తెలుగు అక్షరాలు ఒకసారి చూసిపెట్టండి అన్నాడు. వెళ్లాను. దరఖాస్తులో రెండు మాటల పేరు ఉంది. మొదటిది 'ఇక'తో ముగుస్తుంది, రెండోది ముత్తవ్వది. కలిపి పలికితే పొడుగే. విదేశాల్లో ఏది ఇంటిపేరో ఏది సొంతపేరో తెలియక తికమకపడతారని నేనే హెచ్చరించాను. "తెలుసు సార్, ఆ ఇబ్బంది నేనూ పడ్డాను" అన్నది కోడలు, చంకలో పిల్లను సర్దుకుంటూ. "బడిలో మొదటిదే పిలుస్తరు. ఇంట్లో రెండోది." 'మ'కు 'మ' వత్తు సరిగా పడిందో లేదో చూసి కాగితం తిరిగి ఇచ్చాను.

కౌంటరులో కుర్రవాడు ఇంగ్లీషు అక్షరాలు టైపు చేస్తూ, రెండో పేరు చివరికి వచ్చి ఆగాడు. "ఎమ్ ఒకటి వెయ్యాలా, రెండా?" అన్నాడు. చాలామంది ఒకటే వేస్తారట.

తండ్రి నా వైపు చూశాడు. నేను నోరు తెరిచేలోపే వెనక బెంచీ మీద నుంచి పెద్దావిడ అన్నది, "రెండెయ్యి బిడ్డా, నిండుగ."